తూటాలకు పనికిరాని చెయ్యి

మా అల్లుడి గరాజులో ఒక బకెట్ ఉంది. ఎప్పుడో గోడలకు రంగు వేయించినప్పుడు వచ్చిన బకెట్. పారేయబోతుంటే నేనే అడ్డుపడి కడిగి దాచాను. ఇప్పుడు శనివారం శనివారం అతను తుపాకులు కాల్చే చోటికి, దాన్ని వీళ్ళు రేంజ్ అంటారు, వెళ్ళి వచ్చినప్పుడల్లా అందులో ఖాళీ తూటా గొట్టాలు గలగలమని పోస్తాడు. అన్నీ ఇత్తడివి. కాల్చాక నేల మీద పడినవాటిని ఏరుకొస్తాడు. శుభ్రం చేసి, మళ్ళీ మందు పోసి, గుండు బిగించుకుంటే ఇంకోసారి కాల్చుకోవచ్చట. మొదట తుపాకి అన్నప్పుడు ఈ ఇంట్లో ఇదేం పిచ్చి అనుకున్నాను. మిగతావాళ్ళు పారేసినదాన్ని ఏరుకొచ్చి వాడుకుంటాడని తెలిశాక మాత్రం అల్లుడి మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. ఈ అమెరికాలో, మేముండే ఆష్‌బర్న్ ఊరు మొత్తం మీద తడిసిన పేపర్ టవల్‌ని ఆరబెట్టి మళ్ళీ వాడేది నేనొక్కదాన్నే అనుకుంటూ ఉండేదాన్ని.

అతని పేరు కిరణ్. డేటా సెంటర్లో ఉద్యోగం. ఏ వస్తువైనా కొనేముందు నెలల తరబడి చదివే మనిషి. ఈసారి అతన్ని పట్టిన బెంగ, ఆ గొట్టాలను శుభ్రం చేసే మిషన్ ఏది కొనాలన్నది. టంబ్లర్ అంటాడు దాన్ని. రెండు రకాలున్నాయి. ఒకటి పొడిది. గిన్నెలాంటి దాంట్లో మొక్కజొన్న బెండుల రవ్వ పోసి, గొట్టాలు వేసి స్విచ్ నొక్కితే గడగడా వణుకుతుంది. అది ఒకటి తెచ్చాడు కూడా. మాది పక్కింటి గోడా మా గోడా ఒకటే అయిన ఇల్లు. రోజంతా గ్రైండర్‌లో రాళ్ళు వేసినట్టు మోత. పైగా అందులోంచి లేచే దుమ్ములో సీసం ఉంటుందని మా అమ్మాయి శైలజ ఎక్కడో చదివి, అది ఇంట్లో ఉంటే నేనుండనని కూర్చుంది. తిరిగి ఇచ్చేశాడు. రెండోది తడిది. డ్రమ్ములో నీళ్ళు, సబ్బు, సూది ముక్కల్లాంటి స్టీలు పుల్లలు వేస్తే గిరగిరా తిరుగుతుంది. లోపలా బయటా బంగారంలా వస్తాయట. కాని తడి ఆరబెట్టుకోవాలి, పుల్లలు ఇరుక్కుంటే తీసుకోవాలి. ఇక రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ.

"డ్రై అయితే నాయిస్, డస్ట్. వెట్ అయితే డ్రైయింగ్ ఒక హెడేక్. ఏది ఆర్డర్ చేయాలో డిసైడ్ కాలేకపోతున్నా," అన్నాడు ఒక సాయంత్రం పప్పు కలుపుకుంటూ.

"మిషన్ ఎందుకు కిరణ్, మా అమ్మకి ఇచ్చెయ్. చింతపండు పెట్టి తోమి పెడుతుంది. డిష్‌వాషర్ ముట్టుకోనివ్వదు కదా, ఇవి కూడా తోమనీ," అంది శైలజ.

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. "తూటాలకు చింతపండు పనికిరాదు," అన్నాను.

అల్లుడు చెయ్యి ఆపాడు. "మీకెలా తెలుసు అత్తయ్యా?"

అప్పుడు చెప్పక తప్పలేదు. మా తాతకు తుపాకి ఉండేదని, ఇత్తడి తూటాలను ఆయనే ఇంట్లో మళ్ళీ నింపుకునేవాడని, వాటిని తవుడులో వేసి ఊపేవాళ్ళమని. కిరణ్ మొహం చూడాలి. నేను ఇన్నాళ్ళుగా వండిపెట్టిన ఏ కూరకూ ఆ మొహం అట్లా వెలగలేదు. "అంటే డ్రై టంబ్లింగ్! అత్తయ్యా, మీరే చేసేవారా?" అన్నాడు.

ఉన్నమాట చెప్పాలి కదా. "నేను కాదు. మా చెల్లెలు," అన్నాను.

"చిన్నత్తయ్యా? ఆవిడ నెక్స్ట్ వీక్ వస్తున్నారు కదా. వావ్, ఆవిడనే అడుగుతా," అన్నాడు. అన్నం అక్కడే వదిలేసి గరాజులోకి వెళ్ళాడు. నేను కంచాలు తీశాను. ఇన్నేళ్ళు గడిచినా, ఇంత దూరం వచ్చినా, ఆ మాట మళ్ళీ నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. నేను కాదు, మా చెల్లెలు.

మా ఊరు నల్లమల అడవి అంచున ఉండేది. చెనిక్కాయ గింజ పట్టే నాటికి అడవి పందులు గుంపులుగా దిగేవి. ఒక్కసారి దిగితే చేను దున్నినట్టు అయిపోయేది. అందుకని మా తాతకు పంట కాపలా కోసం తుపాకి లైసెన్సు ఉండేది. ఊరందరి చేలకూ ఆయనే కాపలా. తాతంటే మా నాయనకు నాయన. ఎత్తుగా, ఎండు కట్టెలా ఉండేవాడు. ఆయనకు మాట్లాడటం అంటే ఎవరో జేబులోంచి డబ్బు తీసుకుంటున్నట్టు ఉండేది. అన్నం దగ్గర ఉప్పు కావాలంటే ఉప్పు వైపు చూసేవాడు, అంతే. నీళ్ళు కావాలంటే చెంబును వేలితో తాకేవాడు. మా జేజి, ఆయన భార్య, నాకు ఊహ తెలియకముందే పోయింది. ఆమె ఉన్నప్పుడన్నా మాట్లాడేవాడో లేదో మాకెవరికీ తెలియదు. పిలవాల్సి వస్తే నన్ను లచ్చీ అనేవాడు. చెల్లెల్ని మాత్రం పారమ్మా అనేవాడు. దాని పేరు పార్వతి. ఆ 'అమ్మా' అన్నది నాకెందుకు తగిలించలేదో నేను ఎవరినీ అడగలేదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా అమ్మకు కాన్పు తేడా చేసి నడుము పట్టేసింది. పలక మూల పెట్టి నన్ను గిన్నెల దగ్గర కూర్చోబెట్టారు. అప్పటి ఇళ్ళలో స్టీలు ఎక్కడిది. బిందెలు, గుండిగలు, తప్పేలాలు, చెంబులు, దీపపు కుందులు, అన్నీ ఇత్తడి. పక్క సందులో తులసి కోటకు కొంచెం ఇవతల ఒక రాయి ఉండేది. దాని మీద కూర్చుని చింతపండు పిప్పి, పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు కలిపి తోమాలి. మొదట నల్లగా నురగ వస్తుంది, తరువాత పచ్చగా, ఆఖరుకు నీళ్ళు పోస్తే ఎండ దాని మీద పడి కళ్ళు పొడుస్తుంది. ఆ పని నాకు చేతనైంది. మా నాయన ఎవరన్నా ఇంటికొస్తే, మా లచ్చి తోమిన చెంబులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు అనేవాడు. పార్వతికి ఆ పని లేదు. దాని చేతులకు చింతపండు తగిలితే చర్మం పగిలి నెత్తురు వచ్చేది. రెండుసార్లు చూసి మా అమ్మ దాన్ని లేవదీసింది. నా చేతులూ పగిలేవి. కాని నావి ఓర్చుకునే చేతులు గనక ఎవరూ చూడలేదు.

తాత తుపాకి కాల్చి వచ్చిన మర్నాడు, ఎండ వసారాలోకి వచ్చే వేళకు, పాత పంచె ఒకటి పరిచి దాని మీద కాల్చిన గొట్టాలు వరసగా పెట్టేవాడు. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది. కాలిన గంధకం, దానికింద వెచ్చటి ఇత్తడి. అల్లుడి బకెట్ వాసన అచ్చం అదే కాదు, కొంచెం తీపి తక్కువ. అయినా మూత తీస్తే నేను ఒక నిమిషం అక్కడే నిలబడతాను. తాత ముందు గొట్టం అడుగున మందును అంటించే చిన్న టోపీ, అది కాలిపోయి ఉంటుంది, దాన్ని మేకుతో పొడిచి తీసేవాడు. తరువాత వేడి నీళ్ళలో జాడించి ఎండలో బోర్లించేవాడు. బాగా ఆరాక చిరిగిన దిండు గలేబులో ఊక కలిసిన తవుడు పోసి, గొట్టాలు అందులో వేసి, మూతి కట్టి, పారమ్మా అని పిలిచేవాడు. అది గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుని ఆ గలేబును ఈ మోకాలి మీది నుంచి ఆ మోకాలి మీదికి పొర్లించేది. చంటిపిల్లను ఊపినట్టు ఊపాలి, దంచకూడదు. దాని ఒళ్ళో అవి గుసగుసలాడుతున్నట్టు చప్పుడు చేసేవి.

అదిగో, అప్పుడు తాత మాట్లాడేవాడు. ఏడాది పొడుగునా మూసుకున్న నోరు ఆ వసారాలో తెరుచుకునేది. మందు మీద బిగించే అట్ట బిళ్ళలు కత్తిరించుకుంటూ, సీసం రవ్వలు చేత్తో ఏరుకుంటూ, ఎవరికీ చెప్పనివి చెప్పేవాడు. ఒక్కో గొట్టాన్ని తీసి గడప రాయి మీద చిన్నగా తట్టేవాడు. "విను పారమ్మా. ఇది పలికింది. ఇది పలకలేదు, దీనికి లోపల ఎక్కడో బీట ఉంది. కంటికి కనపడదు. పలకనిదాన్ని పక్కన పెట్టు." తల్లిపంది పిల్లలతో వస్తే గాలిలోకే ఎందుకు కాలుస్తాడో చెప్పేవాడు. చిన్నప్పుడు తను అడవిలో దారి తప్పితే వాళ్ళన్న వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించిన సంగతి చెప్పేవాడు. మా అందరికీ ఉప్పు కూడా నోటితో అడగని మనిషి.

నాకెలా తెలుసంటే, నేను తోమే రాయికీ ఆ వసారాకూ మధ్య ఉన్నది నడుమెత్తు పిట్టగోడ. నేను వంగి కూర్చుంటే వాళ్ళకు కనపడను. వాళ్ళ మాట నాకు వినపడుతుంది. తవుడు మీద ఎండ పడిన వాసన కూడా వచ్చేది. చిన్నదాన్ని, నాకూ అక్కడ కూర్చోవాలని ఉండేది. గలేబు ఊపడం కాదు నాకు కావలసింది. విను లచ్చమ్మా అని ఆయన ఒక్కసారి అంటే చాలు అనిపించేది.

ఒకనాడు పనంతా పెందలాడే ముగించి, కుంకుడు రసంతో చేతులు రుద్ది రుద్ది కడిగి, పావడాకు తుడుచుకుని వసారాలోకి వెళ్ళాను. "తాతా, ఇయ్యాల నేను ఊపుతా," అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన చూశాడు. "పులుపు పోలేదే లచ్చీ. ఇత్తడికి పులుపు తగిలితే పెళుసెక్కుద్ది. ఈ తూటాలకు నీ చెయ్యి పనికిరాదు," అన్నాడు. కోపంగా అనలేదు. మెల్లగానే అని నా చేతులు నాకు ఇచ్చేశాడు. పార్వతి గలేబు ఒళ్ళోకి లాక్కుని నన్ను చూసి నాలుక వెళ్ళబెట్టింది. నేను మళ్ళీ సందులోకి వచ్చాను. తోమడానికి ఏమీ లేదు. తోమిన చెంబునే మళ్ళీ తీసుకుని తోమాను.

తరువాత ఇంకొన్నిసార్లు వెళ్ళాను. పసుపు రాసుకుని ఒకసారి, మజ్జిగతో కడుక్కుని ఒకసారి. మజ్జిగ కూడా పులుపేనని అప్పుడు తోచలేదు. ప్రతిసారీ ఆయన వాసన చూసేవాడు, తల ఊపేవాడు. నేను గిన్నెలు తోమినన్నాళ్ళూ నా చేతికి ఆ వాసన పోదు. నేను తోమకపోతే ఇంట్లో పొయ్యి మీదకు గిన్నె లేదు. పార్వతి ఏ పనీ చెయ్యదు గనక దాని చేతులకు ఏ వాసనా లేదు, అందుకని అది ఆయన పక్కన కూర్చుంటుంది. ఇది న్యాయమా అని నేను అప్పుడు అనుకున్నాను, పెళ్ళయ్యాక అనుకున్నాను, బిడ్డలు పుట్టాక అనుకున్నాను. తాత పోయిన రోజున దహనం నుంచి అందరూ వచ్చి కూర్చున్నప్పుడు పార్వతి ఏడుస్తుంటే చుట్టాలంతా, పాపం దాన్నే కదా దగ్గర కూర్చోబెట్టుకునేవాడు అని దాని వీపు నిమిరారు. నేను లోపల అన్నం వారుస్తున్నాను.

చెల్లెలు రావడానికి ముందు ఒక మధ్యాహ్నం కిరణ్ గరాజులో నిలబడి ఒక తెల్లటి పొడి ప్యాకెట్ చూపించాడు. తడి మిషన్ వైపే మొగ్గుతున్నానన్నాడు. సబ్బుతో పాటు ఈ పొడి చిటికెడు వేస్తే బాగా మెరుస్తాయట. ఏమిటిది అని నాలుక కొసకు తగిలించుకుని చూశాను. నిమ్మ ఉప్పు.

"ఇది పులుపు కదయ్యా. ఇత్తడికి పులుపు తగిలితే పెళుసెక్కదూ?" అన్నాను.

"ఎక్కువేసి అలా నానబెట్టేస్తే ప్రాబ్లం అత్తయ్యా, పింక్ కలర్ వచ్చేస్తుంది. కొంచెం వేసి రిన్స్ చేసేస్తే ఏం కాదు. అందరూ వేస్తారు."

"చేతికి పులుపు అంటుకుని, ఆ చేత్తో పట్టుకుంటే?"

అతను నవ్వాడు. "చేతికా? దానికేం కాదు అత్తయ్యా. చేతికున్న పులుపు ఎంతని."

నేను ప్యాకెట్ అక్కడ పెట్టి లోపలికి వచ్చేశాను. చేతికున్న పులుపు ఎంతని. ఆ మాట పట్టుకుని నేను మూడు పూటలు సరిగా తినలేదు. అయితే తాత ఆ సంగతి తెలియక అన్నాడా? లేక తెలిసి, పార్వతినే పక్కన కూర్చోబెట్టుకోవాలని అన్నాడా? ఎవరిని అడగను. మనిషి పోయి ఎన్నేళ్ళో అయింది. పులుపు వల్ల నేను దూరమయ్యానని అనుకుంటూ ఇన్నాళ్ళు బతికాను. దాంట్లో కాస్త ఓదార్పు ఉండేది, ఇంటికోసం కష్టపడ్డందుకు పోగొట్టుకున్నాను కదా అని. ఇప్పుడు అదీ లేకపోయింది.

పార్వతి కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి వచ్చింది. అక్కడ కూతురి దగ్గర ఉంటుంది. ఎప్పుడు చూసినా నిన్నే ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. చెవులకు కొత్త రాళ్ళ దుద్దులు పెట్టుకుంది, జుట్టు కత్తిరించుకుంది, కూతురు పార్లర్‌కు తీసుకెళుతుందట. నా బిడ్డ నన్ను తీసుకెళతానంటే నేనే వద్దన్నాను, ఆ డబ్బుతో బియ్యం వస్తాయని. అయినా దాన్ని చూస్తే ఆ జుట్టు నాకూ బాగుంటుందేమోనని అనిపించింది. చూడగానే శైలజ దాన్ని కావలించుకుంది. నేను వచ్చినప్పుడు నా పెట్టె అందుకుంది. కిరణ్ అయితే ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చిన మనిషిని కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా గరాజులోకి పిలుచుకుపోయాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నేను కాఫీ పట్టుకుని వెనకే వెళ్ళాను.

"చిన్నత్తయ్యా, మీరు తాతగారి బ్రాస్ క్లీన్ చేసేవారట కదా. తవుడులో వేసి ఎంతసేపు ఊపేవారు? షైన్ లోపల కూడా వచ్చేదా?" అని బకెట్ ముందు పెట్టాడు.

పార్వతి ఒక గొట్టం తీసి గోళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇవేందబ్బాయ్? తూటాలా? నేనెందుకు తోముతాను వీటిని?"

"తవుడు గలేబు," అన్నాను నేను గుమ్మంలోంచి. "వసారాలో. తాత పక్కన."

అది కళ్ళు చికిలించి నా వైపు చూసింది. "ఆ… గలేబు. అవునక్కా, తవుడు గదా. ఒళ్ళంతా దురద. గోకి గోకి చచ్చేదాన్ని. ఎప్పుడు వదుల్తాడా, ఎప్పుడు పోయి గచ్చకాయలు ఆడుకుందామా అని ఉండేది. అందులో తూటాలున్నాయా? నేను ఏవో గింజలనుకున్నా."

"మరి తాత చెప్పిన మాటలు?"

"ఎవరు, తాతా?" అది నవ్వింది. "ఆయన నోరిప్పితే గదక్కా. గోడకు చెప్పుకున్నా బదులొచ్చేదేమో గాని, ఆయన దగ్గర రాదు. ఆయన అదేదో గొణుగుతా ఉంటే నాకు నిద్దరొచ్చేది."

కాఫీ గ్లాసు దాని చేతికిచ్చాను. దాని కళ్ళల్లోకి చూశాను, ఎగతాళి చేస్తుందేమోనని. లేదు. నిజంగానే దానికి ఏమీ గుర్తు లేదు. నేను గోడవతల వంగి కూర్చుని ఏ మాటల కోసం చెవులు రిక్కించుకుని పెరిగానో, అవి దాని ఒళ్ళో పడి తవుడుతో పాటు దులిపేసుకుని పోయాయి. కోపం వచ్చిందంటే రాలేదు. నాకు ఇంకొక రకం అసూయ పుట్టింది. అన్ని మాటలు విన్నా ఒక్కటీ మోయకుండా నడిచిపోగలిగింది కదా అని.

కిరణ్ నిరుత్సాహంగా బకెట్ మూత పెట్టబోయాడు. "అయితే మీకు గుర్తుందా అత్తయ్యా?" అని నన్ను అడిగాడు.

నేను చెప్పాను. నిలబడే చెప్పాను, ఎవరూ కుర్చీ వేయలేదు. వేడినీళ్ళు, ఎండ, ఊక కలిసిన తవుడు, దంచకుండా ఊపడం. గొట్టాన్ని రాయి మీద తట్టి వినడం చెప్పాను. అతను వెంటనే రెండు తీసి సిమెంటు నేల మీద తట్టి చెవి పెట్టాడు. పార్వతి కాఫీ తాగుతూ వింటోంది.

"అది సరే గాని అక్కా," అంది మధ్యలో. "తాత తుపాకి పేల్చి ఓ అని పెద్ద కేక పెట్టేవాడు చూడు, ఊరంతా వినపడేది. అది మాత్రం నాకు బాగా గుర్తు. పందుల్ని బెదిరించడానికి."

"పందులకు కాదు," అన్నాను. "జేజికి."

ఆ మాట తాత దానికే చెప్పాడు, ఆ వసారాలో. జేజి కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దుగూకే వేళ చేలో తుపాకి పేలిందట. ఆ చప్పుడు ఆమె ఎప్పుడూ విని ఎరగదు. మొగుడికి ఏమో అయిందనుకుని పొయ్యి మీద కూర అట్లాగే వదిలేసి, ముళ్ళకంచెలోంచి పడి పరిగెత్తుకుంటూ చేలోకి వచ్చిందట. చేతిలో గరిటె అట్లాగే ఉంది. ఈయన మంచె కింద కూర్చుని తాపీగా నీళ్ళు తాగుతున్నాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి ఆ గరిటెతో ఆయన్ని కొట్టిందట. అప్పట్నుంచి ఆయన తుపాకి పేల్చిన ప్రతిసారీ ఒక కేక పెట్టేవాడు, నేను బాగానే ఉన్నానని ఆమెకు తెలియడానికి. ఊరు మాత్రం పందులకు అనుకుంది. "జేజి లేదు గదా తాతా, మరి ఇప్పుడెందుకు అరుస్తావు?" అని పార్వతి అడిగింది. తాత చాలాసేపు అట్ట కత్తిరించుకున్నాడు. "అరవకపోతే మళ్ళీ పరిగెత్తుద్దేమోనని పారమ్మా," అన్నాడు.

శైలజ ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి ఉంది. పార్వతి కళ్ళు తుడుచుకుంది. "నేను అడిగానా అక్కా? నేనే అడిగానా?" అంది. నువ్వే అడిగావన్నాను. ఆ క్షణాన నా మనసు నిండింది. జీవితంలో మొదటిసారి తాత పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

అల్లుడు చివరికి తడి మిషనే ఆర్డర్ చేశాడు. పార్వతి ఉండగానే వచ్చింది. నీళ్ళు, సబ్బు, పుల్లలు, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి మూత బిగించి స్విచ్ నొక్కాడు. మెత్తగా తిరిగింది, పక్కింటివాళ్ళకు వినపడనంత మెత్తగా. దుమ్ము లేదు, దురద లేదు. తీసి కడిగితే లోపలి దాకా పచ్చగా తళతళలాడాయి. తవుడులో ఎంత ఊపినా తాత గొట్టాలకు అంత మెరుపు రాలేదని ఒప్పుకుంటాను. అయితే అది తిరిగినంతసేపూ అక్కడ ఎవరూ కూర్చోనక్కరలేదు. కిరణ్ స్విచ్ నొక్కి పైకి వెళ్ళి మీటింగ్‌లో కూర్చుంటాడు. గరాజులో అది ఒక్కటే తిరుగుతుంటుంది. ఆ రోజుల్లో ఆ పని ఒకరి ఒళ్ళో జరగాలి, ఇంకొకరు పక్కన ఉండాలి, పొద్దు గడవాలి. ఆ పొద్దు గడపడానికే తాత నోరు విప్పేవాడేమో. ఇప్పుడు పని చక్కగా అవుతుంది, మాట మాత్రం పుట్టదు. నేను ఒకటి రెండుసార్లు కుర్చీ వేసుకుని దాని పక్కన కూర్చున్నాను. అత్తయ్యా, దానికి టైమర్ ఉంది, వెయిట్ చేయక్కర్లేదు అని అల్లుడు చెప్పాడు.

పార్వతి తిరిగి వెళ్ళే ముందు రోజు ఉదయం నేను వంటింట్లో సింకు దగ్గర ఉన్నాను. అది హాల్లో సోఫాలో కూర్చుని స్పీకర్ పెట్టి డబ్లిన్‌లో మనవరాళ్ళతో మాట్లాడుతోంది.

"మా తాతకి పే…ద్ద గన్ ఉండేదమ్మా. ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, నాతోనే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పేవాడు. ఒకరోజు మా జేజి చేతిలో రోకలి పట్టుకుని పరిగెత్తిందంట…"

"గరిటె," అన్నాను సింకు దగ్గర్నుంచి.

అది వినిపించుకోలేదు. ఆ రోకలితో కొట్టబోయిందంట అని, కేక సంగతి చెప్పి, "మరి ఇప్పుడెందుకు అరుస్తావు తాతా అని నేను అడిగా," అంది. దాని గొంతు అక్కడ సన్నగా వణికింది. ఎంత బాగా వణికిందంటే నేనే కుళాయి కట్టేసి విన్నాను. నేను చెప్పినప్పుడు నాకు అట్లా చేతకాలేదు.

"రోకలి కాదు పార్వతీ, గరిటె," అన్నాను ఇంకొంచెం గట్టిగా.

"ఎవరు అమ్మమ్మా అది?" అంది ఫోన్లో పిల్ల.

"మీ పెద్దమ్మమ్మలే. ఆమెకేం తెలుసు, ఆమె గిన్నెల కాడుండేది. తాత చెప్పింది నాకు," అంది పార్వతి నవ్వుతూ.

"అమ్మమ్మా, దట్స్ సో స్వీట్. యూ ఆర్ సో లక్కీ," అంది ఆ పిల్ల.

నేను వెళ్ళి దాన్ని ఏమీ అనలేదు. అనడానికి ఏముంది, అది అబద్ధం చెప్పలేదు. తాత ఆ మాటలు దానికే చెప్పాడు. నేను గోడవతల విన్నదాన్ని, అంతే. మర్నాడు కిరణ్ దాన్ని ఎయిర్‌పోర్ట్‌లో దించి వచ్చాడు. వస్తూ వస్తూ, చిన్నత్తయ్య స్టోరీ భలే చెప్తారు అత్తయ్యా, మా ఆఫీస్‌లో కూడా చెప్పాలి అన్నాడు. చిన్నత్తయ్య స్టోరీ.

ఆ మధ్యాహ్నమే శైలజను కాగితాలు అడిగాను. ఒకవైపు ప్రింటు ఉన్నవి చాలన్నాను, వెనకవైపు ఖాళీగా ఉంటే ఎందుకు పారేయాలి. నాలుగో తరగతి అక్షరాలు, వంకరగా వస్తాయి, వత్తులు అక్కడక్కడా తప్పుతాయి, అమ్మాయి దిద్దుతోంది. చెప్పడంలో నా చెల్లెలి ముందు నేను ఎప్పటికీ నిలవలేను. అది డబ్లిన్‌లో ఎంతమందికి చెప్పుకున్నా చెప్పుకోనీ, వినేవాళ్ళు ఏడవనీ. కాని అది ఇంతవరకూ రాయలేదు. నేను రాశాను. గరిటె అనే రాశాను.